పటేలు మనవడి కారు, నేను వేసిన మెలి

మీరెప్పుడైనా బోధన్‌లో చెరుకు బండ్లు బారులు తీరే రోడ్డు మీదికి వెళ్తే, అక్కడి బండి మనుషులను గంగామణి ఎవరని అడగకండి. ఎవరూ చెప్పరు. "పటేలు ఇంటికాడ కార్ల ఊరేగిన పిల్ల" అనండి. మనుషులేమిటి, ఎద్దులు కూడా నెమరు ఆపి తలలు తిప్పుతాయి. ఆ పిల్లను నేనే. ఆ ఊరేగింపు ఎలా జరిగిందో చెబుతాను. మంచినీళ్ళ చెంబు దగ్గర పెట్టుకుని చదవండి. పొలమారితే పూచీ నాది కాదు.

అప్పటికి నా పెళ్ళై ఏడాది తిరగలేదు. చదువు ఐదో తరగతి, అనుమానం మాత్రం ఎమ్మే. అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. నా అనుమానం ముందు ఆ పెనుభూతం కొత్తకోడలు లాగా తల వంచుకుని నిలబడాల్సిందే. పెళ్ళిచూపులకు మా ఆయన టోపీ పెట్టుకుని వచ్చాడని, దాని కింద ఏముందో ఏం లేదోనని మా తమ్ముడితో ఆ టోపీ లాగించాను. పెళ్ళిలో పంతులు మంత్రాలు మింగేస్తున్నాడేమోనని తలంబ్రాలు పోసుకునేటప్పుడు కూడా ఆయన నోటి వంకే చూశాను. ఫొటోలో పెళ్ళికూతురు పెళ్ళికొడుకును వదిలి పంతులును చూస్తున్నట్టు ఉందని ఇప్పటికీ మా ఆడబిడ్డ దెప్పుతుంది.

మా ఆయన పేరు రాజేశం. చేలల్లో నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. చెరుకు బండ్ల రోడ్డు మీద ఒక మల్గీ అద్దెకు తీసుకుని కొట్టు పెట్టాడు. మల్గీ అంటే ఒక్క గది దుకాణమే గానీ, అది ఉన్న చోటు బంగారం. రెంజల్ రైతులు, వర్ని రైతులు చెరుకు బండ్లతో పాటే పాడైన ఇంజన్లు వేసుకొచ్చి మా గడపలో దింపేసి, తిరిగి పోయేటప్పుడు ఎక్కించుకుని పోయేవారు. ఆ మల్గీ ఉన్నంత కాలం మా బతుకు బోధన్‌లో. అది పోతే మూటా ముల్లే కట్టుకుని ముప్కాల్‌లో మా అత్త దగ్గరికి పోవాలి. మా అత్త చాలా మంచిది. అంత మంచిగా ఎందుకుంటుందన్నదే నా అనుమానం.

మల్గీ యజమాని విఠల్ పటేలు. అనుమానంలో నాకు గురువు కావలసిన మనిషి. ఎవరైనా మంచినీళ్ళు ఇస్తే, ఇచ్చినవాళ్ళను ముందు ఒక గుక్క తాగమనేవాడు. క్షవరం చేయించుకుంటూ మంగలి చేతిలో కత్తిని రెప్ప వేయకుండా చూసేవాడట. అలాంటి పటేలు ఒకరోజు పొద్దున్నే కూలిమనిషి నెత్తిన ఒక బొమ్మకారు పెట్టించుకుని మల్గీకి వచ్చాడు. నేను సద్దిగిన్నె ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

అది అయిదారేళ్ళ పిల్లవాడు కూర్చుని తిరిగే కారు. పటేలు కొడుకు బొంబాయిలో ఓడల దగ్గర కొని పంపాడట. కరెంటు బ్యాటరీ మీద నడిచేది. ఆ బ్యాటరీ చచ్చిపోతే, పటేలు ఎవరినీ నమ్మక, తనే స్వయంగా లారీ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. మోటారులోంచి ముందు అగరుబత్తి పొగ, ఆ తర్వాత కట్టెల పొయ్యి పొగ వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు.

"రాజేశం, గీ కారు నడ్వాలె," అన్నాడు పటేలు.

"పటేలా, మోటరు కాలి బొగ్గయింది. గిసొంటిది గీడ దొర్కది. బొంబాయికెళ్ళి తెప్పియ్యాలె."

"బొంబాయికెళ్ళి తెప్పిచ్చుడైతే నీ దగ్గరికెందుకస్త? నువ్వు ఇంజన్ల మేస్త్రివి. ఇంజన్ వెట్టు."

"పిలగాని కారుకా పటేలా?"

"గాదు, నీ నెత్తికి! ఐతారం మా మున్నా పుట్టిన దినం. ఆ దినం వాడు గీ కార్ల కూసోని వాకిట్ల తిరగాలె. తిరిగిండా, నేను బతికున్నన్ని దినాలు నిన్ను మల్గి ఇడ్వుమన. తిరగలేదా, కిషన్‌లాల్‌కు ఇస్త. బట్టల దుకాణం వెడ్తనని రోజూ నా ఇంటి సుట్టు తిరుగుతుండు."

 ముప్కాల్ కళ్ళ ముందు కనిపించింది. మా అత్త చిరునవ్వు కూడా కనిపించింది.

మా ఆయన తల గోక్కున్నాడు. మా ఆయన తల గోక్కున్నాడంటే ఒప్పుకున్నట్టే. మూలన ఒక రైతు అక్కర్లేదని వదిలేసిపోయిన బుడ్డ ఇంజన్ ఉంది. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చే రకం. అచ్చం మా మేనమామే. మొదట మంచిది పోయాలి, తర్వాత ఏది పోసినా తేడా తెలియదు. దాన్ని కారు సీటు వెనక బిగించాలనీ, దాని చక్రం నుంచి కారు వెనక ఇరుసు మీది చక్రానికి ఒక పట్టా వేయాలనీ అనుకున్నారు. పట్టా అంటే పిండి గిర్నీల్లో చక్రాలను తిప్పుతుంది చూడండి, ఆ బెల్టే.

"అనుకున్నారు" అన్నాను కదా, రెండోవాడి సంగతి చెప్పలేదు. వాడు మారుతి. మా ఆయన దగ్గర పనిచేసేవాడు, ఊరు సరిహద్దు అవతల ధర్మాబాద్. మాట్లాడితే సగం తెలుగు, సగం మరాఠీ. నన్ను "వహినీ" అని పిలిచేవాడు, అంటే వదినే. తెలుగులో వదిన అనకుండా మరాఠీలో ఎందుకంటున్నాడని అప్పటికే నాకు అనుమానం.

ఆ అనుమానానికి రెండు రోజుల్లోనే కొమ్మలూ రెమ్మలూ వచ్చాయి. సద్దిగిన్నె పట్టుకుని మల్గీ వెనక సందులోంచి వస్తుంటే ఏం చూశాననుకున్నారు? బట్టల కిషన్‌లాల్, మా మారుతి, గోడకు ఆనుకుని మరాఠీలో గుసగుసలు! కిషన్‌లాల్ ఒక పొట్లం మారుతి చేతిలో పెట్టాడు. మారుతి నన్ను చూశాడు. చూసి, ఆ పొట్లాన్ని చంకలో పెట్టుకున్నాడు. చంకలో ఏదైనా పెట్టుకునేవాళ్ళను చిన్నప్పటి నుంచీ నమ్మను.

ఆ సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ అడిగాను.

"ఏమయ్యా, మారుతి మంచోడేనా?"

"మంచోడే. ఎందుకు?"

"మంచోడైతే 'ఎందుకు' అని ఎందుకడుగుతున్నవు?"

"నువ్వడిగితె నేనడిగిన."

"కిషన్‌లాల్ మన మల్గి మీద కన్నేసిండు. మారుతి ఆయనతోని గుసగుస వెడ్తుండు. కారు నడ్వకుంటె మల్గి ఎవలికి పోతది?"

"కిషన్‌లాల్‌కు."

"మరి కారు చేసేది ఎవలు?"

"నేను!"

"నువ్వు గాదయ్యా, నువ్వు కాక?"

మా ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని, "నీకు దేవుని మీద గూడ అనుమానమేనే," అన్నాడు.

"దేవుని మీద లేదు. పూజారి మీద ఉన్నది," అన్నాను. ఉన్నమాటే అన్నాను.

శనివారం సాయంత్రం మా ఆయన ఇంటికి వస్తూనే కారు నడిచిందన్నాడు. మల్గీ వెనక సందులో అటూ ఇటూ తిప్పి చూశారట. ముద్దుగా, లేగదూడలాగా నడిచిందట. నేను మాత్రం సంతోషించలేదు. చెడగొట్టేవాడు ముందురోజు ఎందుకు చెడగొడతాడు? పెళ్ళి చెడగొట్టేవాడు లగ్నం పూటే కదా వస్తాడు!

ఆదివారం వచ్చింది. పటేలు ఇల్లంటే ఇల్లు కాదు, మైదానంలాంటి వాకిలి. దాని గేటు తీస్తే చెరుకు బండ్ల రోడ్డు. వాకిట్లో షామియానా వేశారు. ఒక మూల వంటవాళ్ళు బూంది దూస్తున్నారు. బాజాభజంత్రీలు, చుట్టాలు, చుట్టాల చుట్టాలు. కిషన్‌లాల్ కూడా తెల్లని బట్టలు వేసుకుని, పిల్లవాడికి జత బట్టలు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. ఓడిపోబోయేవాడు అలా నవ్వుతాడా, మీరే చెప్పండి!

ఎర్రరంగు వేసిన కారును తెచ్చి వాకిలి మధ్యలో, ముక్కు ఇంటివైపు, వెనకభాగం గేటువైపు ఉండేలా పెట్టారు. మా ఆయన పటేలును పిలవడానికి లోపలికి వెళ్ళాడు. అప్పుడు చూశాను, మారుతి చేతిలో పానా పట్టుకుని కారు కింద దూరాడు.

నిన్న నడిచిన బండికి ఇవ్వాళ పానా ఎందుకు?

వాడు బయటికి వచ్చి, చేతులు దులుపుకుని, తిన్నగా వెళ్ళి కిషన్‌లాల్ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కారు వైపు చూసి తలలూపారు. నేను పిల్లిలాగా కారు దగ్గరికి వెళ్ళి, చీర సవరించుకుంటున్నట్టు వంగి, సీటు వెనక చెయ్యి పెట్టి పట్టాను తడిమాను.

వదులు! ముసలాయన పంచెలాగా వేలాడుతోంది. అంతేకాదు, తిన్నగా ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా బాపుకు వర్నిలో పిండి గిర్నీ ఉండేది. నేను ఆ గిర్నీ చప్పుడుకే ఊయల లేకుండా నిద్రపోయి పెరిగాను. ఆ గిర్నీలో ఇంజను చక్రం నుంచి రాయి చక్రానికి వేసిన పట్టా మధ్యలో మెలి తిరిగి ఉండేది, ఎనిమిది అంకెలాగా. బిగువు ఎంతంటే వేలితో కొడితే డప్పులాగా మోగేది. "పట్టా అంటె గిట్లుండాలె బిడ్డా," అనేవాడు మా బాపు. లోకంలో నాకు తెలిసిన పట్టా అదొక్కటే. కాబట్టి లోకంలో పట్టాలన్నీ అలాగే ఉండాలి కదా? లోకంలో అత్తలందరూ మా అత్తలాగే ఉంటారనుకోవడం లాంటిదే ఇది, కానీ ఆ వయసులో ఎవరు చెప్పారు నాకు!

నాకంతా అర్థమైపోయింది. మారుతి మెలి తీసేశాడు! పట్టా వదులు చేశాడు! ఇంజన్ మొదలుకాగానే పట్టా జారి కింద పడుతుంది, కారు ఉన్నచోటే ఏడుస్తుంది, మల్గీ కిషన్‌లాల్‌కు పోతుంది, నేను ముప్కాల్‌కు పోతాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరు, మా ఆయన అసలే నమ్మడు. వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక ఇనుప గరిటె పట్టుకొచ్చాను. గరిటె కాడతో పట్టాను చిన్న చక్రం మీది నుంచి లేపి, మధ్యలో ఒక మెలి వేసి, మళ్ళీ చక్రానికి ఎక్కించాను. అబ్బ, ఎంత బిగుసుకుందని! వేలితో కొట్టాను. డుమ్మంది. మా బాపు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఒక మెలి వేయనేల, ఇన్నేళ్ళు ఇలా చెప్పుకోనేల!

పటేలు మనవడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. మున్నా కారు చూడగానే ఎగిరి గంతేశాడు. పటేలు వాడి చెయ్యి వదలలేదు.

"ఆగు. రాజేశం, ముందుగాల ఎవలన్న కూసోని చూపియ్యాలె. నా మన్మన్ని మొదలే కూసోవెట్ట."

"నేను కూసుంట పటేలా."

"నువ్వొద్దు. నువ్వు జేసినోనివి. నీకు దాని కిటుకు ఎర్కుంటది. ఏం ఎర్కలేనోల్లు కూసోవాలె." పటేలు చుట్టూ చూసి, నా దగ్గర చూపు ఆపాడు. "నీ పెండ్లాన్ని కూసోవెట్టు. నీ కారు మీద నీకు నమ్మకముంటె నీ పెండ్లాన్ని కూసోవెడ్తవు."

మా ఆయన మొహం పాలిపోయింది. కానీ నేను గర్వంగా ముందుకు నడిచాను. మల్గీని కాపాడింది నేనే కదా, ఊరేగేది కూడా నేనే కావద్దా? అయిదేళ్ళ పిల్లవాడి కారులో పంతొమ్మిదేళ్ళ మనిషి కూర్చోవడమంటే ఉల్లిగడ్డల సంచిలో గుమ్మడికాయ పట్టించడమే. మోకాళ్ళు గడ్డానికి ఆనాయి. కొంగు నడుముకు చుట్టి దోపుకున్నాను.

మారుతి వంగి, సీటు పక్కన నిలబెట్టిన కట్టె చూపించి చెప్పాడు. "వహినీ, గీ కట్టె గుంజితె కారు పోతది. ఇడిస్తె ఆగుతది. గంతే. మీరు భయపడకుండ్రి."

"నేనెందుకు భయపడత?" అన్నాను, వాడి కళ్ళలోకి సూటిగా చూస్తూ. "భయపడెటోల్లు వేరే ఉన్నరు."

వాడికి ఏమీ అర్థం కాలేదు. ఇంజన్ చక్రానికి తాడు చుట్టి గుంజాడు. కారు ఒక్కసారి ఎగిరిపడింది. "అరె?" అన్నాడు మారుతి. రెండోసారి గుంజాడు.

ఇంజన్ భగ్గుమంది. నేనింకా కట్టె ముట్టుకోనే లేదు. కారు కదిలింది. వెనక్కి!

మామూలుగా కాదు. నాలుగెకరాలకు నీళ్ళు తోడిన ఇంజనది. దానికి ఇన్నాళ్ళకు నీళ్ళు కాకుండా ఒక మనిషి దొరికింది. ఎదురుగా ఉన్న మా ఆయన, పటేలు, మారుతి, ముగ్గురి నోళ్ళూ ఒకేలా తెరుచుకుని, ఒకేలా చిన్నవైపోతూ పోయాయి.

"వహినీ, కట్టె ఇడువుండ్రి!"

"నేను పట్టుకోనే లేదు!"

"ఐతె గుంజుండ్రి!"

గుంజాను. ఇంకా వేగంగా పోయింది.

"గుంజకే! ఇడువు!" మా ఆయన అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. "ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే!" అన్నాను. కొన్ని అబద్ధాలు మనం ఆడం, అవే నోట్లోంచి దూకుతాయి.

"రాజేశం!" పటేలు గొంతు ఉరిమింది. "ముందుకు పోవాలె అన్న! ముందుకు!"

"వస్తది పటేలా!" మా ఆయన పరుగు ఆపకుండానే జవాబిచ్చాడు. "ముందుగాల ఎన్కకు పోయి గప్పుడు వస్తది!"

ఇదంతా ఆటలో భాగమే అనుకుని బాజావాళ్ళు వాయింపు పెంచారు. కొందరు చుట్టాలు చప్పట్లు కొట్టారు. నా బాధ ఎవరికి చెప్పను! నాకు కనిపించేవన్నీ నేను దాటి వచ్చినవే, రాబోయేది ఒక్కటీ కనిపించదు. ముందేం జరుగుతుందో తెలియకపోవడం మనిషి జన్మకు మామూలే అంటారు, కానీ ఇంత వేగంగానా?

మొదట షామియానా తాడు తగిలింది. తాడుతో పాటు గుంజ, గుంజతో పాటు షామియానా, షామియానా కింద చుట్టాల చుట్టాలు. కోడిపెట్ట పిల్లల మీద రెక్కలు దించినట్టు అది మెల్లగా అందరి మీదికి దిగింది. లోపల్నించి ఎవరో "కరెంటు పోయింది" అన్నారు. తర్వాత బూంది గంప. బంగారపు వాన కురిసింది, సగం నా ఒళ్ళోనే. ఆ తర్వాత వెనక నుంచి "అయ్యో, అయ్యో!" అని ఒక గొంతు, దభేలుమని ఒక చప్పుడు. పక్కనుంచి పోతూ చూస్తే, కిషన్‌లాల్ తెల్లబట్టలతో సహా ఎడ్ల కుడితి తొట్టిలో కూర్చుని ఉన్నాడు.

గేటు దాటాను. రోడ్డు మీద చెరుకు బండ్ల మనుషులు లేచి నిలబడ్డారు. ఎవరో, "ఎటువోతున్నవు బిడ్డా?" అని పలకరించారు. మా వైపు మర్యాద అలాంటిది, మనిషి ఏ దిక్కుకు పోతున్నా పలకరిస్తారు. ముప్కాల్‌కే అనుకున్నాను. కానీ కారు ఎడ్లకు వేసిన చెరుకాకు కుప్పలో గప్పున దిగబడి ఆగింది. కారు ఆగింది గానీ ఇంజన్ ఆగలేదు. చక్రాలు ఆకును తవ్వి ఆకాశానికి విసురుతూనే ఉన్నాయి. మారుతి రొప్పుతూ వచ్చి కిరసనాయిలు నల్లా కట్టేసి, ఏదో వైరు పీకాడు. లోకం నిశ్శబ్దమైపోయింది. ఒక ఎద్దు మెల్లగా వచ్చి నా జడలో ఇరుక్కున్న ఆకును తినడం మొదలుపెట్టింది.

మా ఆయన నన్ను లాగి బయట వేశాడు. చేతులూ కాళ్ళూ లెక్క సరిపోయాక వంగి ఇంజన్ చూశాడు. మొహం ఎర్రబడింది.

"మారుతీ! పట్టా మెలేసినవా?"

"నేనా? నై దాదా! తిన్నగనే వెట్టిన. నా తల్లి తోడు!"

అప్పటికి పటేలు వచ్చాడు, వెనక మున్నా, వాడి వెనక ఊరు. "మెలేందిరా?" అన్నాడు పటేలు.

"పట్టా తిన్నగుంటె కారు ముందుకు పోతది పటేలా. మెలేస్తె చక్రం ఉల్టా తిరుగుతది, ఎన్కకు పోతది. ఇంకొకటి, పట్టా వదులుగుండాలె. కట్టె గుంజితె బిగుసుకోని కారు కదుల్తది, ఇడిస్తె వదులై ఆగుతది. అందుకే మారుతి పొద్దుగాల వదులు సరిచూసిండు. మెలేస్తె ఎప్పటికీ బిగుసుకునే ఉంటది. ఇగ ఆగుడు లేదు."

ప్రతి మాటా నా గుండెల్లో గరిటె కాడలాగా దిగింది.

"అంటె ఎవడో కావాల్నని మెలేసిండు," అన్నాడు పటేలు మెల్లగా. ఆయన కళ్ళు మెరిశాయి. అనుమానించే మనిషికి ఆధారం దొరికితే ఆకలిగొన్నవాడికి అన్నం దొరికినట్టే. వెనక్కి తిరిగాడు. కుడితి కార్చుకుంటూ కిషన్‌లాల్ నడిచి వస్తున్నాడు.

"కిషన్‌లాల్, నా మల్గి కోసం రోజూ తిరుగుతున్నదెవలు?"

"నేనే పటేల్. కాని నేను కుడితిల పడ్డ. నన్నే అంటవా?"

"అనుమానం రావద్దనే పడ్డవు!"

"అరె రామా! నేనెందుకు జేస్త?"

"మారుతితోని నీకు గుసగుసలేంది? ఏమిచ్చినవు వానికి?" అని పటేలు అడిగేసరికి నేను తెల్లబోయాను. ఆ గుసగుసలు ఆయన కూడా చూశాడన్నమాట!

"సీటుకు రెగ్జిన్ ముక్క ఇచ్చిన పటేల్. పిలగాని పుట్టిన దినమని ఉత్తగనే ఇచ్చిన. నీకు తెలిస్తె తీస్కోవని చెప్పద్దన్న."

"ఉత్తగనే? బట్టల దుకాణపోడు ఉత్తగ ఇచ్చిండంటె ఇగ సాక్ష్యమెందుకు!" పటేలు చేతికర్ర నేలకు కొట్టాడు. "నీకు మల్గి ఇయ్య. జన్మల ఇయ్య. రాజేశం, మల్గి నువ్వే ఉంచుకో. కాని లంచం తిన్న గీ మారుతిగాన్ని ఎల్లగొట్టు."

చూశారా! నేను నోరు మూసుకుంటే మల్గీ మాదే. ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. నా జన్మలో నోరు మూసుకున్నందుకు లాభం రాబోయింది ఆ ఒక్కసారే.

మా ఆయన తల వంచుకుని, "మారుతీ, మూట సదురుకో," అన్నాడు.  మారుతి జేబులోంచి పానా తీసి మా ఆయన చేతిలో పెట్టాడు.  నేను ఇంతసేపూ కూర్చున్న ఆ కొత్త రెగ్జిన్ సీటుకు వాడు కుట్లు ఎంత సన్నగా, ఎంత తీరుగా వేశాడో అప్పుడు కనిపించింది.

"నేనే మెలేసిన!" అన్నాను.

అంతా నా వైపు తిరిగారు. ఎద్దు కూడా.

"నేనే! గరిటె కాడతోని! మారుతిని ఏమనకుండ్రి, కిషన్‌లాల్‌ను ఏమనకుండ్రి!"

పటేలు నన్ను కిందికీ మీదికీ చూసి నవ్వాడు. "నమ్మ."

"నమ్మరా?"

"మొగుడు జెప్పుమన్నడు, జెప్తున్నవు. పనోన్ని కాపాడుకునే ఉపాయమిది. ఆడపిల్లవు, నీకు పట్టా మెలేసుడు ఎట్లొస్తది?"

చూడండి నా ఖర్మ! జీవితమంతా ఎదుటివాళ్ళను నమ్మకుండా బతికిన దాన్ని, ఒక్కసారి నిజం చెబితే నమ్మేవాళ్ళు లేరు. నాకు రోషం వచ్చింది. "ఎట్లొస్తదా? వర్నికొచ్చి మా బాపు గిర్ని చూడుండ్రి, ఎట్లొస్తదో!" అంటూ వంటవాడి దగ్గరికి పరుగెత్తి మళ్ళీ ఆ గరిటే తెచ్చాను. కారు వెనకభాగాన్ని మా ఆయన చేత, మారుతి చేత గాలిలోకి ఎత్తించాను. పట్టా మెలి తీశాను, ఇంజన్ మొదలుపెట్టించి కట్టె గుంజాను, చక్రాలు ముందుకు తిరిగాయి. ఇంజన్ ఆపించి మెలి వేశాను, చక్రాలు వెనక్కి తిరిగాయి. మళ్ళీ తీశాను, మళ్ళీ వేశాను. ఊరంతా తమాషా చూస్తోంది. మా ఆయన చేతులు నొప్పి పెట్టి, "ఇగ చాలు తీయే! నువ్వే జేసినవని ఊరంత నమ్మింది!" అన్నాడు.

 పటేలు మెలి తీయించి, కారును మళ్ళీ వాకిట్లోకి తెప్పించి, మున్నాను కూర్చోబెట్టించి, తనే పక్కన నడుస్తూ వాకిట్లో ఒక చుట్టు తిప్పించాడు. కారు లేగదూడలాగా, చెప్పినట్టే, ముద్దుగా నడిచింది. చుట్టు అయిపోగానే మున్నా దిగి కాళ్ళు నేలకు కొట్టి ఏడుపు అందుకున్నాడు.

"గిట్లొద్దు తాతా! గీ అత్త పోయినట్టు ఎన్కకు పోవాలె!"

పటేలు మనవడి కళ్ళు తుడిచి, కిషన్‌లాల్‌కు పొడి పంచె తెప్పించి, మారుతి పానా మారుతికి ఇప్పించి, అప్పుడు మా ఆయన వైపు తిరిగాడు.

"కారు తిరిగింది. మాట మాటే. మల్గి నీదే రాజేశం."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ముప్కాల్ కళ్ళ ముందు నుంచి చెదిరిపోయింది.

"ఒక్క షరతు," అన్నాడు పటేలు, కర్ర నా వైపు చూపిస్తూ. "గీ పిల్ల నా మల్గిల అడుగు వెట్టద్దు."

"వెట్టది!" అన్నాడు మా ఆయన.

ఆలోచించలేదు. తల గోక్కోలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ "వెట్టది" అన్న వేగం తలచుకున్నప్పుడల్లా, ఆ షరతును పటేలు చెవిలో వేసింది మా ఆయనేనేమోనని నాకు నేటికీ అనుమానం. అప్పటి నుంచీ సద్దిగిన్నె పట్టుకుని రోడ్డుకు ఇవతలే నిలబడి పిలుస్తాను. ఆయన బండ్లను తప్పించుకుంటూ వచ్చి తీసుకుపోతాడు, దాటి వస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంటాడు. ఎందుకు నవ్వుతాడో చెప్పడు.

కాబట్టి పాఠకమహాశయులారా, వర్నిలో ఉన్న మా బాపు గిర్నీ సాక్షిగా, బోధన్ రోడ్డు మీద నడిచే సకల చెరుకు బండ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకరి ఇంజన్ పట్టా ముట్టను. ముట్టినా మెలి వేయను. వేసినా ముందు అడిగి వేస్తాను. అడిగాక వాళ్ళు చెప్పింది నమ్ముతాను.

చివరి మాట తప్ప మిగతా అన్నిటికీ కట్టుబడి ఉన్నాను.